గూళ్ల మార్కెట్ ఫీజులో మన ఆరోగ్యానికీ వాటా ఉండాలి



నాలుగో జ్వరం లేచిన పురుగును వదిలేసి ఆసుపత్రికి పోయే ధైర్యం మనలో ఎవరికుంది? ఫార్మలిన్ కొట్టి కళ్లు మండినా, దగ్గు పట్టినా ‘పంట దిగనీ, చూపించుకుందాం’ అంటాం. పంట దిగాక అప్పులోళ్లు ముందుంటారు.

మనం పన్ను కట్టనివాళ్లమేం కాదు. కర్ణాటకలో ఇంటి పన్ను మీద నూటికి 15 రూపాయలు ఆరోగ్య సెస్సు పడుతుంది. అందులో మన ఊరి ఆసుపత్రికి ఎంత చేరిందో రసీదు చెప్పదు. పట్టు గూళ్లకు జీఎస్టీ లేదు గానీ, సర్కారు మార్కెట్లో అమ్మితే ఫీజు కడతాం.

మేం అడిగేది కొత్త పన్ను కాదు. ఆ ఫీజులోనే, అమ్మకం మీద నూటికి పావలా చొప్పున పక్కన పెట్టి ఆరోగ్య నిధి చేయాలి. లెక్క చూడండి: 200 గుడ్లకు 140 కిలోలు దిగి, కిలో 500 పలికితే 70,000 రూపాయలు. అందులో పావలా వంతు 175. ఏడాదికి ఐదు పంటలకు 875.

‘యశస్విని ఉంది కదా’ అంటారు. మంచి పథకమే. పల్లెల్లో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 500 రూపాయలే. కానీ అది సహకార సంఘ సభ్యులకు, ముఖ్యంగా ఆపరేషన్లకు. 2018లో ఆగి 2023లో మళ్లీ మొదలైంది. రోజూ వచ్చే దగ్గుకు, ఆయాసానికి మార్కెట్ దగ్గరే డాక్టరు కావాలి.

‘ఫీజు కాటాలకు, షెడ్లకు కదా’ అని ఇంకొందరంటారు. నిజమే, అవీ కావాలి. కానీ గూడు పండించే మనిషే మంచాన పడితే ఆ కాటాలో తూచేదేముంది?

రెండు షరతులు మాత్రం మరవకూడదు. ఒకటి, ఎక్కడ ఫీజు కట్టామో అక్కడే హక్కు. హోసూరు నుంచి రామనగరానికి గూళ్లు తెచ్చినోళ్లను ‘మీది వేరే రాష్ట్రం’ అనకూడదు. ఆకు కోసే కూలీలకు, నీళ్లలో చేతులు కాల్చుకునే రీలింగ్ ఆడోళ్లకు కూడా వైద్యం అందాలి. రెండు, జమాఖర్చు ప్రతి నెలా మార్కెట్ గోడ మీద అతికించాలి. లేకుంటే ఇదీ సెస్సు దారే పడుతుంది.

ఈసారి గూళ్లు తెచ్చినప్పుడు మార్కెట్ అధికారికి ఈ మాట రాసిచ్చి రండి. ఒక్కరు కాదు, పదిమంది కలిసి ఇవ్వండి.