వీసా వచ్చింది సరే, కుక్క సంగతేంటి?

మొన్న మా ఆఫీసు గ్రూపుకి ఒక మెయిల్ వచ్చింది. ఆన్‌సైట్ వెళ్తున్న ఒకాయన సామాన్లు అమ్మకానికి పెట్టాడు. సోఫా, వాషింగ్ మెషీన్, ఆ కింద మూడో లైన్లో "మూడేళ్ళ లాబ్రడార్, చాలా ఫ్రెండ్లీ, శుక్రవారం లోపు తీసుకెళ్ళాలి". సోఫాకి రేటుంది. కుక్కకి ఎదురుగా "ఫ్రీ" అని రాశాడు.

ఒళ్ళు మండింది. ఉండబట్టలేక వెళ్ళి అడిగాను. "ట్రై చేశాను బాస్, టైమ్ సరిపోలేదు" అన్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కానీ వీసా పని ఎనిమిది నెలలు నడిచింది. ఆ ఎనిమిది నెలల్లో పెళ్ళాం పిల్లల కాగితాలన్నీ ఫోల్డర్లు పెట్టి మరీ సర్దుకున్నాడు. పెట్టెలు కట్టే రోజున కుక్క గుర్తొచ్చింది. టైమ్ లేకపోవడం కాదండీ, ప్లాన్‌లో కుక్క లేకపోవడం.

ప్రాజెక్టులో క్రిటికల్ పాత్ అంటూ తెగ లెక్చర్లిస్తాం కదా, ఇక్కడ అదేమిటో చూడండి. అమెరికా సీడీసీ లెక్కలో మన దేశం కుక్కల రేబిస్ ఎక్కువున్న దేశం. 2021 జులై నుంచి 2024 జులై దాకా ఇలాంటి దేశాల కుక్కల మీద తాత్కాలిక నిషేధమే ఉండేది. 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలొచ్చాయి. కుక్కకి ఆరు నెలలు నిండాలి. ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. మొదటి టీకా వేసిన 30 రోజులకి గానీ రక్తం తీయకూడదు. తీసినాక కనీసం 28 రోజులు ఆగాలి. అంటే ల్యాబ్ ఆలస్యం కలపకుండానే రెండు నెలలు. ఆ పరీక్ష లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్. ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన ఫారం కావాలి. సీడీసీ గుర్తించిన జంతు సంరక్షణ కేంద్రంలో ముందే రిజర్వేషన్ కావాలి. మీ ఉద్యోగం ఏ ఊళ్ళో అయినా, కుక్క మాత్రం న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి ఆ కేంద్రాలున్న కొద్ది ఊళ్ళలోనే దిగాలి.

బ్రిటన్, యూరప్ అయితే రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు. ఆస్ట్రేలియాకి మన దగ్గర్నుంచి నేరుగా అసలు పంపలేం, వాళ్ళు ఒప్పుకున్న ఇంకో దేశం మీదుగా పోవాలి.

"వాళ్ళది ఓవర్ యాక్షన్" అనేవాళ్ళకి ఒక మాట. ప్రపంచంలో రేబిస్ చావుల్లో సుమారు 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కుక్కల నుంచి కుక్కలకి పాకే రేబిస్ తమ దగ్గర పోయిందని అమెరికా 2007లో ప్రకటించుకుంది. వాళ్ళ భయం వాళ్ళది.

నీతులు చెబుతున్నాను గానీ నేనూ బోల్తా పడ్డాను. మా టైగర్‌కి టీకా వేయించి, తర్వాత తీరిగ్గా చిప్ పెట్టించాను. "ఏం కాదు సార్" అన్నాడు ఏజెంటు. కాదనడానికి ఆయనదేం పోయింది? చిప్ లేని రోజు వేసిన టీకా లెక్కలోకి రాదు. మళ్ళీ టీకా, మళ్ళీ 30 రోజులు. తప్పు నాదే, నిబంధన నేను చదవలేదు.

ఇక ఖర్చు. కార్గోలో కుక్క బరువు కాదు, బోను సైజు లెక్క. ఐఏటీఏ పద్ధతిలో బోను పొడవు అంటే ముక్కు నుంచి తోక మొదలు దాకా, దానికి నేల నుంచి మోచేతి దాకా ఎత్తులో సగం కలపాలి. వెడల్పు భుజాల వెడల్పుకి రెట్టింపు. ఎత్తు అంటే నిలబడ్డ ఎత్తు, కింద పరుపు మందం. టైగర్‌కి 95, 48, 70 సెంటీమీటర్లు వచ్చింది. మూడూ గుణించి 6000తో భాగిస్తే 53 కిలోలు. వాడి అసలు బరువు 20! గాలికి కూడా డబ్బు కడుతున్నామన్నమాట. నాకొచ్చిన కొటేషన్ మూడు లక్షలు దాటింది.

హచ్ యాడ్ చూసి పగ్ కొన్నవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్త. 2005 మే నుంచి 2010 మే దాకా అమెరికన్ ఎయిర్‌లైన్లలో చనిపోయిన 122 కుక్కల్లో దాదాపు సగం చప్పిడి ముక్కు జాతులే. చాలా ఎయిర్‌లైన్లు వాటిని ఎక్కించుకోవు. నిద్రమందు ఇచ్చి పంపుదామనే తెలివి అస్సలు వద్దు, పైన ఊపిరికి, గుండెకి ప్రమాదం.

మాది పాలమూరు వైపు గోపాల్‌పేట, ఇప్పుడు వనపర్తి జిల్లా. ఖర్చు సంగతి చెబితే అమ్మ, "మనోళ్ళు బొంబాయికి వలసపోతే పిల్లలను గూడ ముసలోళ్ళ కాడ ఇడిసి పోయిండ్రు. నువ్వు కుక్కకు ఇమానం అంటున్నవ్ బిడ్డా" అంది. చాలాసేపు మాట రాలేదు నాకు. నిజమే. ఎడ్లను అమ్ముకుని బస్సెక్కిన మనుషుల ఊరు మాది. కానీ వాళ్ళకి ఇంకో దారి లేదు. మనకుంది. గత్యంతరం లేక వదిలిపోయినవాళ్ళ పేరు అడ్డం పెట్టుకుని, బద్ధకం వల్ల వదిలేసే మనం తప్పించుకుంటే ఎలా?

"ఊళ్ళో వదిలేస్తా, హాయిగా తిరుగుతుంది" అనేది ఇంకో దబాయింపు. అపార్టుమెంటులో సోఫా మీద పడుకున్న కుక్క మా ఊరి బస్టాండ్ కుక్కల మధ్య రెండు రోజులు బతకదు. అమ్మానాన్నలు ఒప్పుకుని పెంచితే సరే, ఆ ఖర్చు నెల నెలా పంపండి. ముసలి కుక్కకి అదే మంచిది కూడా. చెప్పాపెట్టకుండా గేటు దగ్గర కట్టేసి రావడాన్ని మాత్రం పెంపకం అనకండి.

నేను చెప్పేది ఒక్కటే. వీసా వచ్చినప్పుడు కాదు, కుక్కని తెచ్చుకున్న నెలలోనే చిప్ పెట్టించి, తర్వాత టీకా వేయించండి. ఏటా గడువు దాటకుండా వేయించండి. జాయినింగ్ డేట్ తోసుకొస్తే మీరు ముందు వెళ్ళండి, కార్గోలో అది వెనక రావచ్చు. ఇవేవీ కుదరవంటారా? అయితే కుక్కని తెచ్చుకోకండి. సోఫా కొనుక్కోండి, వెళ్ళేటప్పుడు అమ్ముకోవచ్చు.

నా మటుకు నేను వచ్చే నెల వెళ్తున్నాను. టైగర్ రెండు నెలలు అమ్మ దగ్గర ఉండి, ఎండలు తగ్గాక వస్తాడు. "ఇమానమా!" అన్న అమ్మే నిన్న ఫోన్ చేసి, బోనులో వాడికి నా పాత చీర పరవమంది.