పాండవుల గుట్టకు తాళం వద్దు, రిజిస్టరు కావాలి!

ఓరుగల్లు యువతీ యువకులారా! తల్లిదండ్రులారా! గుట్టల కింది ఊళ్ల పెద్దలారా!

వానలు వెనకపట్టి చలిగాలి తిరిగిందంటే చాలు, శనివారం పొద్దుగూకే వేళకు హన్మకొండ నుంచి పరకాల తోవన బైకులు బయల్దేరుతున్నాయి. వెనక సీటుకు కట్టిన టెంటు, సంచిలో మ్యాగీ పాకెట్లు, ఒక స్పీకరు. పోయేది రేగొండ దగ్గర రావులపల్లి పక్కనున్న పాండవుల గుట్టకు. నగరానికి యాభై కిలోమీటర్లు. బండల నడుమ సందుల్లో నడవాలని, చరియ కింద పడుకుని చుక్కలు చూడాలని పిల్లల ఆశ. మంచి ఆశే. ఫోను పక్కనపెట్టి కాళ్లకు పనిచెప్పే పిల్లలను చూస్తే ఎవరికైనా సంతోషమే. మేం అడిగేది ఒక్కటే. ఎవరు పోయారు, ఎటు పోయారు, ఎందరు తిరిగొచ్చారు అని రాసుకునే మనిషి గుట్ట కింద పగలూ రాత్రీ ఉండాలి. ఆ మనిషి గుట్ట కింది ఊరివాడై ఉండాలి.

ముందు ఆ గుట్ట సంగతి చెప్పాలి. అది ఇసుకరాతి గుట్ట. రామప్ప గుడి గోడలకు వాడిన రాయి లాంటిదే. గాలీ వానా కలిసి ఆ రాతిని తొలిచి నిలువు గోడలు, ఇరుకు దారులు, గొడుగుల్లాంటి చరియలు చేశాయి. ఎదురు పాండవులు, మేఘాల బండ అంటూ ఒక్కో చోటుకూ ఊరివాళ్లు ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఆ చరియల కింద ఆదిమానవుడు గీసిన బొమ్మలున్నాయి. 1990లో అవి బయటి లోకానికి తెలిశాయి. అడవి దున్న, జింక, పులి, విల్లంబులు, గుండ్రటి గుర్తులు. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు. ఆ ఎరుపు బొమ్మలను మన వాకిళ్లకు అలికే జాజు లాంటి ఎర్రమట్టితోనే వేల ఏండ్ల కింద ఎవరో వేలు ముంచి గీశారు. కాకతీయుల కోట కంటే, వేయిస్తంభాల గుడి కంటే ఎన్నో రెట్లు పాతది ఈ పని. మన ప్రాంతపు తొలి చిత్రకారుల సంతకం అది.

ఇప్పుడు అదే చరియ కింద చలిమంట వేస్తే ఏమవుతుందో చూడండి. వాన పడని, గాలి కొట్టని చోటు కాబట్టే బొమ్మ ఇన్నాళ్లు నిలిచింది. టెంటు వేసేవాళ్లూ సరిగ్గా ఆ చోటునే వెతుక్కుంటారు. మంట వేస్తే పొగ పైకప్పుకు పట్టి మసి అంటుకుంటుంది. దాన్ని తుడవబోతే మసితోపాటు రంగూ ఊడుతుంది. వేడికి రాతి పైపొర ఉబ్బి, చల్లారేటప్పుడు పెచ్చులుగా రాలుతుంది. రాలిన పెచ్చు మీద జింక కాలు ఉంటే ఆ కాలు ఇక లేనట్టే. ఏ పురావస్తు శాఖా దాన్ని తిరిగి అతికించలేదు. దీనికితోడు గుట్టల చరియలకు పెద్ద తేనెపట్లుంటాయి. పొగ తగిలిన తేనెటీగలు రేగితే చీకట్లో ఆ ఇరుకు సందులోంచి ఎటు పరుగెత్తుతారు?

అమెరికాలో యూటా ఎడారి లోయల్లో హార్స్‌షూ కాన్యన్ ఉంది. అక్కడా ఇసుకరాతి గోడల మీద మనిషెత్తు బొమ్మలున్నాయి. వాటిని చూడటానికి ఎవరైనా దిగి నడవొచ్చు. రాత్రి మాత్రం లోయలో ఉండనివ్వరు. టెంట్లు పైన ఒడ్డు మీదే. పగలు బొమ్మల దగ్గరకు, రాత్రి దూరంగా. ఇంత సులువైన ఏర్పాటు మనకూ సాధ్యమే. అక్కడ బండలెక్కే ఆటగాళ్లు ఇంకో నియమం పాటిస్తారు: వాన కురిశాక ఇసుకరాయి తడారేదాకా ఎక్కరు. తడి ఇసుకరాయి బలం తగ్గి, పట్టుకున్న అంచు చేతికి ఊడొస్తుంది. మన గుట్ట మీద అటవీశాఖ రాక్ క్లైంబింగ్ పెట్టించింది కాబట్టి ఈ మాట ఇక్కడి పిల్లలందరికీ తెలియాలి.

ఇక నీళ్ల సంగతి. ఎండకాలంలో గుట్ట మీద గుక్కెడు నీళ్లు దొరకవు, బండ కాలిపోతుంది. వానకాలంలో అదే తోవ వాగవుతుంది. 2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం అడవిలో ముత్యాల ధార జలపాతం చూడబోయినవాళ్లు సుమారు 80 మంది, వాగు పొంగి తిరుగుదారి మూసుకుపోయి అడవిలోనే చిక్కుకుపోయారు. ఎన్డీఆర్ఎఫ్ బృందాలు చీకట్లో వెళ్లి వాళ్లను దాటించాయి. ఆ వానల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచేసింది. అంతా మన చుట్టుపక్కలే. ఆ రాత్రి ముత్యాల ధార దారిలో ఇంకో నలుగురు ఎవరికీ చెప్పకుండా టెంటు వేసుకుని ఉంటే, వాళ్లను వెతకాలని ఎవరికి తోచేది?

నెత్తి మీద వాన పడకపోతే భయం లేదనుకోవడమూ పొరపాటే. 1997 ఆగస్టు 12న అరిజోనా ఎడారిలోని యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది కొట్టుకుపోయారు. వాన పడింది మైళ్ల అవతల, ఎగువన. ఇప్పుడు అక్కడ స్థానిక నవాహో గైడు తోడు లేకుండా లోయలో కాలు పెట్టనివ్వరు. ఆ నేల మనుషులకే ఆ పని, ఆ జీతం. మనం నేర్చుకోవాల్సిన అసలు పాఠం ఇదేనని మా నమ్మకం.

“ఇంత తలనొప్పి ఎందుకు, గుట్టకు గేటు వేసి మూసేస్తే పోలా?” అనేవాళ్లున్నారు. మూస్తే పోదు. గేటు దగ్గర ఆగేది పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన టీచరు. సీసాలు మోసుకొచ్చేవాడు వెనక దారిన ఎక్కుతాడు. చూసేవాళ్లు లేని చోటే బండ మీద పేర్లు చెక్కుతారు. నలుగురు తిరిగే దారి, నలుగురి కన్నుండే చరియ భద్రంగా ఉంటుంది.

తోటి దక్షిణాది రాష్ట్రాలు ఈ దారిలో మనకంటే ముందున్నాయి. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు 20 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఆ రాష్ట్రం ట్రెక్కింగ్‌కు నియమాలు రాసుకుంది. 2024లో 40 దారులను ఎంచి, ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి, స్థానిక గిరిజన యువతకు గైడ్లుగా శిక్షణ ఇచ్చి తెరిచింది. కర్ణాటకలో ఒక్కో దారికి రోజుకు 300 మందికి మించి పంపకూడదని పరిమితి పెట్టారు. మనం ఇంకో కురంగణి దాకా ఆగాలా?

అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. పాండవుల గుట్ట కింద రిజిస్టరు పెట్టండి, రోజుకు ఇంతమందే అని తేల్చండి. రావులపల్లి చుట్టుపక్కల ఊళ్ల యువతకు గైడ్లుగా శిక్షణ ఇచ్చి, తాడు వేయడం, ప్రథమ చికిత్స నేర్పి, జీతం మీద పెట్టండి. టికెట్టు డబ్బుల్లో వాటా ఆ ఊళ్లకే రావాలి. రాత్రి బసకు గుట్ట కింద, బొమ్మలున్న చరియలకు దూరంగా, నీళ్లూ మరుగుదొడ్డీ ఉన్న చదును నేల చూపండి. వంటకు గ్యాస్ స్టవ్ తప్ప కట్టె మంట ఎక్కడా వద్దు. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం ఎట్లాగూ నేరమే. వాతావరణ శాఖ భారీ వాన హెచ్చరిక ఇచ్చిన రోజు గుట్ట దారినీ, ముత్యాల ధార, బొగత జలపాతాల దారులనూ మూసేయండి. ఆ ఒక్క రోజు మూసినందుకు ఎవరూ నొచ్చుకోరు. అన్నిటికంటే ముందు, ప్రతి బొమ్మనూ ఫొటో తీసి, కొలిచి, లెక్క రాసిపెట్టమని పురావస్తు శాఖను కోరుతున్నాం. ఉన్నదేదో తెలియకుండా పోయినదేదో ఎట్లా తెలుస్తుంది?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సర్కారు కదిలేదాకా మీరు ఆగనక్కర్లేదు. అనుమతి లేకుండా రాత్రి ఉండకండి. బొమ్మను ముట్టకండి, చేతి చెమట కూడా రంగును తింటుంది. నీళ్లు చల్లి ఫొటో తీయకండి. మోసుకుపోయిన ప్రతి కవరూ సంచిలో తిరిగి రావాలి. మబ్బు పట్టిన రోజు వాగు దాటి పోకండి. పోయేముందు పేర్లు, ఫోన్ నంబర్లు, తిరిగొచ్చే వేళ ఒక కాగితం మీద రాసి ఊళ్లో ఒక పెద్దమనిషి చేతిలో పెట్టి పోండి.

ఊరి పెద్దలారా, వచ్చే గ్రామసభలో దీనిమీద తీర్మానం చేయండి. కాకతీయ యూనివర్సిటీ, నిట్, ఇంకా జిల్లా కాలేజీల విద్యార్థులారా, సంతకాలు చేసిన వినతిపత్రాలు భూపాలపల్లి కలెక్టరుకు, జిల్లా అటవీ అధికారికి ఈ చలికాలం మొదలయ్యేలోగా అందించండి. ఈ కాగితం చదివాక పారేయకుండా, గుట్టకు పోయే ఇంకొకరి చేతికివ్వండి.