మొఘల్‌పురాకి సముద్రం ఎంత దూరం?

"సముద్రం గొడవ మనకెందుకక్కా?" అంది మొఘల్‌పురాలో మా పక్కింటామె, పేపర్లో మహాసముద్రాల ఒప్పందం వార్త చూసి. 2020 అక్టోబరు 13 గుర్తుచేశాను. ఆ ఉదయం బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. రాత్రికల్లా పాతబస్తీ కాలనీల్లో నీళ్లు ఇళ్లల్లోకొచ్చాయి. తడిసిన బియ్యం పారబోసుకుని, బురద ఎత్తిపోసుకున్నది ఎక్కువగా ఆడవాళ్లమే కదా! సముద్రం వేడెక్కే కొద్దీ గాలిలో తేమ పెరుగుతుంది, వాన కుండపోత అవుతుంది.

ఈ చర్చలు మన ఊరికి కొత్తవీ కావు. 2012 అక్టోబరులో ప్రపంచ జీవవైవిధ్య సదస్సు ఇక్కడే జరిగింది. వర్ధమాన దేశాలకిచ్చే సాయం 2015కల్లా రెట్టింపు చేయాలన్నారు. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ హెచ్చరికలు పంపుతోంది. ఏ ఒక్క దేశానికీ చెందని సముద్ర జలాల్లో జీవరాశిని కాపాడే ఒప్పందం 2023లో ఐక్యరాజ్యసమితిలో కుదిరింది. 2024 సెప్టెంబరులో మన దేశమూ సంతకం పెట్టింది.

సంతకాలు సరే. మన ఊరి నుంచి సునామీ కబురు నిమిషాల్లో దేశాలు దాటుతుంటే, వాన కబురు మా గల్లీ దాకా ముందుగా రావద్దూ? నాలాలో పూడిక తీశారా లేదా? ఒప్పందాల విలువ అక్కడే తేలుతుంది. అడగాల్సింది మనమే.