పరుగు – తొందరపాటు

ఆరోగ్యమే మహాభాగ్యమన్న మాట మనమందరము చిన్ననాటి నుండి వింటున్నదే. ఆ భాగ్యమును కోరి నేడు ఎందరో వేకువనే లేచి పరుగుబాట పడుతున్నారు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీదను, విశాఖ సముద్రతీరమునను ఆదివారపు ఉదయాన కనిపించే దృశ్యమే ఇందుకు నిదర్శనము. ఒకప్పుడు క్రీడాకారులకే పరిమితమైన 42.195 కిలోమీటర్ల మారథాన్‌లో నేడు ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు సైతము పాల్గొంటున్నారు. ఇది హర్షింపదగిన పరిణామమే. కాని వీరిలో అనేకులు కొద్ది నెలలకే మోకాలు పట్టుకొని కూర్చుండిపోవుట విచారకరము. ఈ దుస్థితికి కారణము పరుగు కాదనీ, మన తొందరపాటేననీ నా అభిప్రాయము.

పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయని పెద్దలు భయపెట్టుట కద్దు. 2017లో వెలువడిన ఒక శాస్త్రీయ సమీక్షలో, ఆరోగ్యము కోసము పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతము మందికి మాత్రమే కనిపించగా, పరుగెత్తనివారిలో అది 10.2 శాతముగాను, పోటీ పరుగుల క్రీడాకారులలో 13.3 శాతముగాను ఉన్నది. పరుగే కీళ్లను కాపాడినదని ఇందువల్ల రుజువు కాకపోవచ్చును. కాని మితమైన పరుగు కీళ్లకు శత్రువన్న భయము మాత్రము నిలువదు.

అయితే గాయములు అబద్ధము కావు. 2007 నాటి మరొక సమీక్ష ప్రకారము, దూరపు పరుగులు చేసేవారిలో కాళ్లకు గాయమైనవారు వేర్వేరు పరిశోధనలలో 19.4 నుండి 79.3 శాతము వరకు ఉన్నారు. వాటిలో మోకాలిదే అగ్రస్థానము. ఇవి పెక్కు పర్యాయములు జారిపడుట వలన కలిగినవి కావు. ప్రతి అడుగులోను పడే భారము వేల అడుగులలో పోగుపడి, ఒకనాడు నొప్పిగా బయటపడుతుంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారములలోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముకలు, స్నాయువులు గట్టిపడుటకు నెలలు కావలెను. ఊపిరి ఆడుతున్నది గదా అని దూరము పెంచుకొన్నవాడు, కాళ్లు ఇంకా సిద్ధము కాలేదన్న సంగతి మరచిపోతాడు.

ఇట్టివారు సాధారణముగా నేరమును బూట్ల మీదికి నెట్టుతారు. అమెరికా సైన్యములో శిక్షణ పొందేవారికి పాదముల ఆకృతిని బట్టి బూట్లు ఇచ్చి చూడగా, గాయములు చెప్పుకోదగినంతగా తగ్గలేదని 2009లో తేలినది. పరుగుకు ముందు కండరములను సాగదీయుట వలన కూడా గాయములు తగ్గలేదని 1,538 మంది ఆస్ట్రేలియా సైనిక శిక్షణార్థులపై జరిపిన పరిశోధన 2000లో వెల్లడించినది. కొనుక్కొన్న వస్తువు ఓర్పుకు బదులు కాజాలదు.

మరి అసలు ముప్పు ఎక్కడున్నది? 5,205 మంది పరుగరులను పరిశీలించి 2025లో ప్రకటించిన అధ్యయనము ఈ విషయమున కనువిప్పు కలిగించుచున్నది. గడచిన 30 దినములలో తాము పరుగెత్తిన అత్యధిక దూరము కంటె, ఒకే పరుగులో 10 శాతము మించి ముందుకు పోయినవారికి గాయముల ముప్పు గణనీయముగా పెరిగినది. ఆ దూరమునకు రెట్టింపు దాటినవారికి ముప్పు కూడా రెండింతలు పైబడినది. వారమునకు ఇన్ని కిలోమీటర్లని వేసుకొనే లెక్క ఈ ప్రమాదమును పసిగట్టలేకపోయినది. ఈ నెలలో 5 కిలోమీటర్లు దాటనివాడు తదుపరి పరుగును 5.5 కిలోమీటర్లతో ఆపుట క్షేమము.

ఈ 30 దినముల లెక్క మన కళాశాల విద్యార్థులకు మిక్కిలి అవసరము. పరీక్షల కాలములో పరుగు మానివేస్తాము. రంజాన్ మాసములో ఉపవాసము పాటించే సోదరులు దూరము తగ్గించుకొనుట సహజము. చిక్కు తరువాతనే వస్తుంది. పరీక్షలు ముగిసిన మరునాడో, ఈద్ వెళ్లిన వారమునకో, "ఇదివరలో 10 కిలోమీటర్లు పరుగెత్తినవాడిని కానా?" అని బయలుదేరుతాము. మన మనసుకు పాత రోజులే గుర్తు. కాలికి మాత్రము గడచిన నెలయే లెక్క.

మరొక హెచ్చరిక కూడా చేయవలసియున్నది. ఇదివరలో గాయపడుటయే మరల గాయపడుటకు ముఖ్య కారణములలో ఒకటి. నొప్పిని దాచిపెట్టి పరుగెత్తుట పౌరుషము కాదు. కుంటుతున్న మిత్రుని "పిరికివాడా" అని గేలి చేయుట స్నేహమూ కాదు. ఎముక మీద ఒకేచోట నొప్పి నిలిచిపోతే పరుగు ఆపి వైద్యుని సంప్రదించవలెను.

ఆలస్యము అమృతము విషమన్నారు పెద్దలు. నిదానమే ప్రధానమన్నదీ వారే. ఏ మాట ఎక్కడ వర్తించునో తెలిసికొనుటయే వివేకము. వేకువనే లేచుటకు మొదటి సామెతను, దూరము పెంచుటకు రెండవ సామెతను పాటింతము. ఒకనాటి పతకము కంటె, అరువదవ ఏట కూడా పరుగెత్తగల కాళ్లు మనకు గొప్ప ఆస్తి.