ఉత్తర్వు చేతికొచ్చినా.. రక్షణ ఏదీ?
గృహ హింస చట్టం అమలుకు యంత్రాంగమే కీలకం

గృహ హింస నుంచి మహిళలకు రక్షణ కల్పించేందుకు 2005లో రూపొందిన చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చింది. భర్త గానీ, అత్తింటివారు గానీ హింసకు పాల్పడకుండా నిరోధిస్తూ మేజిస్ట్రేట్ జారీచేసే రక్షణ ఉత్తర్వే ఈ చట్టానికి ప్రాణం. అయితే ఆ ఉత్తర్వు న్యాయస్థానం గడప దాటి బాధితురాలి ఇంటికి చేరడంలోనే అసలు చిక్కుంది.

నోటీసు వద్దే తొలి మెలిక
దరఖాస్తు అందిన మూడు రోజుల్లోగా తొలి విచారణ, ఆనాటి నుంచి 60 రోజుల్లో పరిష్కారం.. ఇదీ చట్టం నిర్దేశించిన గడువు. నోటీసును సాధారణంగా రెండు రోజుల్లో ప్రతివాదికి అందజేయాల్సిన బాధ్యత రక్షణాధికారిది. ప్రతివాది ఊరు విడిచినా, చిరునామా మార్చినా వాయిదాలు తప్పవు. ఇటువంటి వేళ 23వ సెక్షన్ ఆదుకుంటుంది. ముప్పు పొంచి ఉందని ప్రమాణపత్రం ద్వారా తెలిపితే, అవతలి పక్షం హాజరు కాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది.

అధికారి ఒక్కరు.. బాధ్యతలు అనేకం
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టర్లకే రక్షణాధికారి బాధ్యతలు అప్పగించారు. అంగన్‌వాడీల పర్యవేక్షణతో తలమునకలయ్యే జిల్లా అధికారి మారుమూల పల్లె బాధితురాలికి అందుబాటులో ఉండటం కష్టసాధ్యం. ఈ లోపాన్ని గుర్తించిన సుప్రీంకోర్టు, తాలూకా స్థాయిలోనూ రక్షణాధికారులను నియమించాలని 2025 మేలో రాష్ట్రాలను ఆదేశించింది. రక్షణాధికారి నివేదిక లేకున్నా ఉత్తర్వు ఇవ్వవచ్చని 2022లోనే స్పష్టంచేసింది.

ఉల్లంఘిస్తే జైలే
రక్షణ ఉత్తర్వును అతిక్రమిస్తే ఏడాది వరకు జైలు లేదా రూ.20 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలుకు వీల్లేని నేరం. ఉత్తర్వు ప్రతిని స్థానిక ఠాణాకు ఉచితంగా పంపాలని కూడా చట్టం చెబుతోంది. ఆ ప్రతి దస్త్రాల్లోనే మగ్గితే, మళ్లీ దెబ్బలు తిని వచ్చిన మహిళ ఫిర్యాదు ‘ఆలుమగల తగాదా’గానే మిగిలిపోతుంది. రాజీ చేసి పంపడం వేరు, న్యాయస్థానం ఉత్తర్వును అమలుచేయడం వేరన్న స్పృహ ఠాణా స్థాయిలో కలగాలి.

గూడు పోదు
ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఉమ్మడి గృహంలో నివసించే హక్కు మహిళకు ఉంది. అత్తమామల పేరున ఉన్న ఇల్లయినా ఈ హక్కును తోసిపుచ్చలేమని సుప్రీంకోర్టు 2020లో తీర్పునిచ్చింది. పుట్టింట తలదాచుకుంటున్న మహిళ అక్కడి న్యాయస్థానాన్నే ఆశ్రయించవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని సమకూరుస్తుంది. 181 సహాయవాణి కూడా అందుబాటులో ఉంది.

విధులను విస్మరించిన రక్షణాధికారికి సైతం చట్టం శిక్ష నిర్దేశించడం గమనార్హం. ఉత్తర్వు జారీతోనే పని ముగిసిందనుకోకుండా, రక్షణాధికారి, పోలీసులు కలిసి దాని అమలును నెలనెలా సమీక్షిస్తేనే బాధితురాలికి భరోసా.