గడపకు పసుపు రాయండి, పెయింటు పూయకండి

ఐరాల మండలంలో ఏ ఊరికి వెళ్లినా గడపలు పచ్చగా మెరుస్తూ కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో అది పసుపు కాదు, పసుపు రంగు ఎనామిల్ పెయింటు. కుంకుమ బొట్లు సైతం ఎర్ర పెయింటుతో దిద్దినవే. శుక్రవారం శుక్రవారం కడిగి రాసే శ్రమ తప్పిందని, సంవత్సరమంతా చెరగదని సంతోషిస్తున్నాము. పాకే బిడ్డ ఆ గడప మీదనే చేతులు ఆనించి, ఆ చేతులనే నోట పెట్టుకుంటుంది. వైద్యునిగా నేను ఈ సంతోషంలో పాలు పంచుకోలేను.

పసుపు, నారింజ, ఎరుపు ఎనామిళ్లకు చాలాకాలం ఆ కాంతిని ఇచ్చినది లెడ్ క్రోమేట్ అనే సీసపు సమ్మేళనం. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను కుంటుపరుస్తుంది. ఇంతవరకు క్షేమమని చెప్పదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. ఇళ్ల పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం మన దేశంలో 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. మంచిదే. కాని అంతకు ముందు పూసిన పొరలు మన తలుపుల మీద అలాగే ఉన్నాయి. వాటిని ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే లేచే ధూళిలో ఆ సీసం ఉండవచ్చు.

డబ్బా మీద 'సీసం లేదు' అని ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. ఆయిల్ పెయింటులో దాదాపు మూడో వంతు నుంచి సగం వరకు ద్రావకమే. పైగా మనం టర్పెంటైనో, థిన్నరో కలుపుతాము. పెయింటు ఆరడమంటే ఆ ద్రావకం గాలిలో కలవడమే. తలుపులు మూసిన గదిలో ఆ గాలి చేరేది మన ఊపిరితిత్తులలోకి, అక్కడి నుంచి రక్తంలోకి, మెదడుకు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లుండడం దాని తొలి హెచ్చరికలు. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది.

'వాసన పోయింది, ఇక భయం లేదు' అనేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. కొంతసేపటికి ముక్కు ఏ వాసనకైనా అలవాటు పడుతుంది. వాసన తెలియకపోవడం గాలి శుభ్రపడిందనడానికి రుజువు కాదు.

'పెయింటర్లు ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నారు, వారికేమైంది?' అన్నది రెండవ వాదన. అయినదేమిటో మనం అడగలేదు, అంతే. 1970ల నుంచే స్కాండినేవియా దేశాల వైద్యులు దీర్ఘకాలం పనిచేసిన పెయింటర్లలో మతిమరుపును, చిరాకును, ఏకాగ్రత లోపాన్ని గుర్తించి నమోదు చేశారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పెయింటరు వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మనమేమో పెయింటరుకు ఒక అరటిపండో, బెల్లం ముక్కో ఇచ్చి బాధ్యత తీరిందనుకుంటాము. అరటిపండు పోయేది కడుపులోకి, ద్రావకం పోయేది ఊపిరితిత్తులలోకి. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ధూళిని కొంత ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు వడపోత గల మాస్కు కావాలి. ఇంటికి లక్షలు పెట్టే యజమాని ఆ మాస్కు కొనలేడా?

నా వృత్తి జీవితంలో మరువలేని సంఘటన ఒకటి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన టర్పెంటైన్‌ను ఒక చిన్నపిల్లవాడు తాగాడు. తల్లి భయపడి ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించింది. ఆ వాంతితోనే టర్పెంటైన్ ఊపిరితిత్తులలోకి జారింది. బిడ్డ బ్రతికాడు, కాని రోజుల తరబడి ప్రాణవాయువు మీద ఉన్నాడు. ఇలాంటప్పుడు వాంతి చేయించరాదు. వెంటనే 108కి ఫోన్ చేసి, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. గోడలకు నీళ్లతో కలిపే ఎమల్షన్ వాడండి. అది నిలవదన్నది పాత మాట. తప్పనిసరిగా ఎనామిల్ వాడవలసిన గ్రిల్సును, కిటికీ చట్రాలను బిగించక ముందే ఆరుబయట పూయించండి. పాత పెయింటును తడిపి రుద్దించండి. పని జరిగేటప్పుడు కిటికీలన్నీ తెరవండి. దీపం, పొయ్యి, బీడీ దగ్గరకు రానీయకండి, ఆ ఆవిరి నేలబారున పాకి మంట అందుకుంటుంది. గర్భిణులను, పసిపిల్లలను, ఉబ్బసం రోగులను కొన్ని రోజులు వేరే ఇంట ఉంచండి. చేతుల రంగును థిన్నరుతో కడగకండి, చర్మం కూడా దానిని పీలుస్తుంది. వంటనూనె రాసి సబ్బుతో కడుక్కుంటే చాలు. మిగిలిన ద్రావకాన్ని తాగే సీసాలలో పోయకండి, కాలువలోనో బావి దగ్గరో పారబోయకండి.

ముహూర్తానికి రెండు రోజుల ముందు పెయింటు పూయించి, ఆరీ ఆరని గదిలో బాలింతను పడుకోబెట్టడం శుభకార్యం కాదు. ముహూర్తం పెట్టించుకునేటప్పుడే పెయింటు పనికి కూడా ఒక గడువు పెట్టుకోండి.

ఇక గడప సంగతి. మన పెద్దలు దానికి రాసినది వంటింట్లోనిదే, రెండు వేళ్లతో అద్దగలిగినదే. ఆ పసుపును మళ్లీ గడపకు తెచ్చుకుందాం. వారానికి పది నిమిషాల శ్రమ, ఒక బిడ్డ మెదడు కంటె ఎక్కువ కాదు.