పెట్రోలును నోటితో లాగవద్దు



సంతలో బండి పక్కన నిలబడి "అబ్బ, పెట్రోలు వాసన భలే ఉందే" అని మనలో చాలామంది అంటాం. నేనూ అనేదాన్ని. పోయిన దసరా సెలవుల నుండి ఆ వాసనంటే నాకు భయం.

మా ఊరికి బంకు దూరం. కొట్లో సీసాల్లో పోసి అమ్ముతారు. ఆ రోజు కొట్లో అయిపోయింది. మా చిన్నాన్న ఇంకొకరి బండి ట్యాంకులో పైపు పెట్టి నోటితో లాగాడు. పెట్రోలు గొంతులోకి పోయింది. కక్కించాలని పెద్దవాళ్లు ఉప్పునీళ్లు తాగించారు. రాత్రికి ఒకటే దగ్గు, ఆయాసం. "పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం. కక్కిస్తే మళ్లీ అటే పోతుంది" అన్నారు ఆసుపత్రి డాక్టరుగారు. ఇప్పటికీ చిన్నాన్న కొండెక్కితే ఆయాసపడుతున్నాడు. ఆ రాత్రి అందరూ చదువుకున్న పిల్లనని నా వైపే చూశారు. నాకూ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

తర్వాత సైన్సు మేడంగారిని అడిగాను. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. మన దేశంలో నూటికి 1 వంతు వరకు ఉండవచ్చును. చాలాకాలం పీలిస్తే ఎముకల్లో రక్తం తయారుచేసే మూలుగ పాడవుతుంది. రక్త కాన్సరు కూడా రావచ్చు. పూర్వం ఇంజను టకటక కొట్టుకోకుండా పెట్రోలులో సీసం అనే లోహం కలిపేవారు. అది పొగలో వచ్చి పిల్లల మెదడును దెబ్బతీసేది. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుండి దానిని మానేశారు. బండ్ల పెట్రోలులో అందరికంటే చివర మానిన దేశం అల్జీరియా, 2021లో.

"బండి లేకపోతే జబ్బు మనిషిని ఎలా తీసుకెళ్తాం?" అని మీరు అడగవచ్చు. నిజమే, చిన్నాన్ననీ బండి మీదే తీసుకెళ్లాం. నేను బండి వద్దనడం లేదు. ప్రపంచమంతా పెట్రోలులోంచి సీసం తీసేసింది గదా, మనం పైపు నుంచి నోరు తీయలేమా? చేతితో నొక్కే పంపు వాడాలి. నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో పోయరాదు. చిన్నపిల్లలు తాగేదనుకుంటారు. ఎవరైనా మింగితే కక్కించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

వార్డెన్ మేడంగారికి ఒక విన్నపం. మన జనరేటరు పెట్రోలు డబ్బా స్టోరు రూములో బియ్యం బస్తాల పక్కనే ఉంది. దయచేసి దానిని వంటకు, పడకకు దూరంగా, తాళం వేసే చోట పెట్టించగలరు.

అక్కలారా, చెల్లెళ్లారా, సెలవులకు వెళ్లినప్పుడు మీ ఊళ్లో ఒక్కరికైనా ఈ మాట చెప్పండి. తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని